మావగారి గుండె, కంప్యూటరుగారి అనుమతి

గౌరవనీయులైన ప్రభుత్వం వారి సముఖానికి, తూర్పుగోదావరి జిల్లాలో పుట్టి, 2022 ఏప్రిల్ 4న కూర్చున్న అరుగు మీంచి లేవకుండానే కోనసీమ జిల్లావాసిగా మారిపోయిన జొన్నాడ కాపురస్తుడు, కొంచెం కొబ్బరి, కొంచెం అరటి, బోలెడంత చిరాకు గల గృహస్థు చేసుకుంటున్న ఫిర్యాదు ఏమనగా:

మీరు మా కాగితాలు లాగేసుకున్నారు.

పోనీ, లాగేసుకుంటే లాగేసుకున్నారు. ఆ కాగితాల వెనకాల మేం తిట్టుకోడానికి ఒక మనిషి ఉండేవాడు. అతన్ని కూడా లాగేసుకున్నారు. నా బాధల్లా ఆ రెండోదాని గురించేనండి. మొదటిదాని మీద కూడా కొంత ఉంది, అది మధ్యలో చెప్తాను.

పూర్వం, అంటే 2007కి ముందు, మా వైపు పేదింట్లో ఒకరికి గుండె ఆపరేషనంటే అది ఆ ఇంటి సంగతి కాదు, ఊరి సంగతి. ఇక్కడ డాక్టరుగారు చూసి ‘హైదరాబాదు తీసుకెళ్లండి’ అనేవారు. అక్కడి పెద్దాసుపత్రి ‘ఇంత అవుతుంది’ అని తన లెటర్‌హెడ్ మీద ఎస్టిమేటు రాసిచ్చేది. ఇంటిల్లిపాదికీ ఆదాయం లేదని ఎమ్మార్వో ఆఫీసు ధ్రువపత్రం ఇవ్వాలి. ‘వీరు నాకు బాగా తెలుసు’ అని ఎమ్మెల్యేగారు రాయాలి. మనమెవరమో ఆయనకి తెలియకపోయినా ఫర్వాలేదు. ఇవన్నీ ఒక పాలిథిన్ కవర్లో పెట్టుకుని, గౌతమి ఒడ్డున పుట్టినవాడు గౌతమి ఎక్స్‌ప్రెస్సే ఎక్కాలని శాసనం ఉన్నట్టు రాజమండ్రిలో రాత్రి బండెక్కి, తెల్లారేసరికి సికింద్రాబాదులో దిగి, సచివాలయం గేటు దగ్గర నిలబడాలి. ముఖ్యమంత్రి సహాయనిధి అనేవారు దాన్ని. 2004 మే నుంచి 2007 జూన్ దాకా ఆ నిధిలోంచి 55 వేల పైచిలుకు కేసులకి దాదాపు 168 కోట్ల రూపాయలు ఇచ్చారని సర్కారు వారి లెక్క. అంటే అన్ని పాలిథిన్ కవర్లు, అన్ని సిఫార్సు ఉత్తరాలు.

ఎంత శ్రమ అంటారా? శ్రమే. కానీ అందులో ఒక మర్యాద ఉంది. ఫైలనేది కంటికి కనపడేది. ఏ సీటు దగ్గర ఆగిందో అటెండరు చెప్పేవాడు. ఆ చెప్పినందుకు టీ ఖర్చు వేరే. ఆ సీటాయన భోజనానికెళ్లాడా, భోజనం నుంచి వచ్చాడా, వచ్చినా రానట్టే ఉన్నాడా అన్నది గుమ్మంలోంచి చూస్తే తెలిసేది. పని అయితే ఆయన పేరు చెప్పి దణ్ణం పెట్టుకునేవాళ్లం. అవకపోతే అదే పేరు చెప్పి, తిరిగొచ్చి జొన్నాడ సెంటర్లో టీ తాగుతూ వారం రోజులు తిట్టుకునేవాళ్లం. తిట్టుకి ఒక చిరునామా ఉండేది. పైగా ఊరికొకడు ‘సచివాలయం తెలిసినవాడు’ ఉండేవాడు. పెళ్లిళ్లలో అతనికి మొదటి బంతిలోనే విస్తరి పడేది. ఆ హోదా ఇప్పుడేమైంది? అతను రావులపాలెం అరటి మార్కెట్లో గెలలు లెక్కపెట్టుకుంటున్నాడు. ఈ పాపం ఎవరిదో ప్రభుత్వం వారే తేల్చాలి.

అలాంటి నిక్షేపంలాంటి పద్ధతి మీదికి 2007 ఏప్రిల్ 1న, ఆ తేదీ చూసి కూడా ఎవరూ నవ్వకుండా, రాజీవ్ ఆరోగ్యశ్రీ వచ్చింది. ముందు మహబూబ్‌నగర్, అనంతపురం, శ్రీకాకుళం జిల్లాల్లో. అదే ఏడాది డిసెంబరులో మా తూర్పుగోదావరికి. 2008 జూలైకి రాష్ట్రమంతా. రోగి హైదరాబాదు గేటు దగ్గరికి వెళ్లక్కర్లేదు, నెట్‌వర్కు ఆసుపత్రిలో ఒక కౌంటరు, ఒక కంప్యూటరు, ఒక ఆరోగ్యమిత్ర. డాక్టరు ఫలానా ఆపరేషన్ కావాలంటాడు. రిపోర్టులు స్కాన్ చేసి కంప్యూటర్లో ఎక్కిస్తారు. అటు పథకం నడిపే ఆరోగ్యశ్రీ ట్రస్టులో కూర్చున్న డాక్టర్లు తెర మీదే చూసి, సరేనంటే సరే. దీన్ని ప్రీ ఆథరైజేషన్ అన్నారు. మా ఊళ్లో అంత పొడుగు మాట ఎవరికి పలుకుతుందండీ, ‘అప్రూవల్’ అన్నారు, అదే నిలిచింది.

అక్కణ్ణుంచి పథకానికి పేర్లు మారుతూ వచ్చాయి. 2014 తర్వాత ఎన్టీఆర్ వైద్యసేవ. 2019 తర్వాత వైఎస్సార్ ఆరోగ్యశ్రీ. 2024 తర్వాత మళ్లీ ఎన్టీఆర్ వైద్యసేవ. ఆరోగ్యమిత్ర వైద్యమిత్ర అయింది, వైద్యమిత్ర ఆరోగ్యమిత్ర అయింది, కౌంటరు వెనకాల కూర్చున్న అమ్మాయి మాత్రం ఆ అమ్మాయే. బోర్డులు రాసేవాళ్లకి ఇంత నిలకడగా పని కల్పించిన పథకం ఇంకోటి లేదు. మా జొన్నాడ సెంటర్లో ఎవరు గెలిచినా, ఎవరు ఓడినా అది ‘ఆరోగ్యశ్రీ’యే, టీ కొట్టు దగ్గర జీవోలు అమలు కావు. పేర్లతోపాటు అంకెలు కూడా పెరిగాయి, అది ఒప్పుకోవాలి. మొదట్లో కుటుంబానికి ఏడాదికి లక్షన్నర, అవసరమైతే పైన ఇంకో 50 వేలు. 2023 డిసెంబరుకి అది 25 లక్షలైంది. మొదటి జాబితాలో 163 జబ్బులుంటే ఇప్పుడు 3,257 చికిత్సలు. ఇన్ని జబ్బులున్నాయని నాకు అంతకుముందు తెలియదు. జాబితా చదివాక ఒంట్లో కొన్ని ఉన్నట్టే అనిపించింది.

ఇక మా మావగారి సంగతి.

మావగారిది కొబ్బరి వలుపు పని. వయసంతా గునపం ముందే గడిచింది. రోజుకి వందల కాయలు వలిచిన చేతులు. ఒక ఉదయం గుండెలో ఏదో పట్టేసినట్టుందన్నారు. ఊళ్లో ఏఎన్నెం బీపీ చూసి మా మొహాలు కూడా చూసి, ఆలస్యం చెయ్యొద్దంది. పెద్దాసుపత్రికి తీసుకెళ్లాం. ఆసుపత్రి పేరు చెప్పను; రేపు నాకూ ఒక గుండె ఉంది. యాంజియోగ్రామ్ చేశారు. ఒక రక్తనాళం పూడిందన్నారు, స్టెంటు వెయ్యాలన్నారు. ప్రాణం మీదికొస్తే ఫోన్లోనే అనుమతి తీసుకుని మొదలెట్టే పద్ధతి కూడా ఉందిట గానీ, ఈయనది అంత అత్యవసరం కాదు, మామూలు దారిలో పంపుతామన్నారు. మావగారు దాన్ని అవమానంగా తీసుకున్నారు.

“ఏంటండీ అల్లుడుగారూ, అంత తేలిగ్గా కనపడుతున్నానా వీళ్లకి?”

“తేలికని కాదండీ మావయ్యగారూ, టైముందని.”

“ఆయ్. టైముందో లేదో పైవాడు చెప్పాలి గానీ...” అని అటు తిరిగి పడుకున్నారు.

నేను కౌంటరు దగ్గరికెళ్లాను. బియ్యం కార్డు, ఆధార్ ఇచ్చాను. ఆ అమ్మాయి తెర మీద చూసి, “తాతగారి వయసెంతండి?” అంది. ఆధార్లో 1958 జనవరి 1 అని ఉంది. మా కోనసీమలో ఒక తరం తరమంతా జనవరి 1నే పుట్టింది. రాసినవాడికి అడిగే ఓపిక లేదు, చెప్పేవాడికి గుర్తు లేదు. కానీ మావగారిని మంచం దగ్గర అడిగితే ఆయన లెక్క వేరు: “1953 గోదారి వరదలకి మా అమ్మ నన్ను చంకనేసుకుని ఏటిగట్టు ఎక్కిందండి.” ఆ అమ్మాయి కాసేపు ఆలోచించి, “అయితే తాతగారు పుట్టకముందే గట్టెక్కేశారన్నమాట” అని ఆధార్ వయసే వేసుకుంది. ప్రభుత్వం దృష్టిలో 1953 వరద అప్పటికి రానట్టే.

తర్వాత వేలిముద్ర. అసలు నాటకం ఇక్కడుంది. మావగారి బొటనవేలు మిషను మీద పెట్టారు. ఎర్ర లైటు. చూపుడువేలు. ఎర్ర లైటు. తడిగుడ్డతో తుడిచారు, పొడిగుడ్డతో తుడిచారు, పక్క మంచం ఆయన సలహా మీద కొబ్బరినూనె కూడా రాశాం. జీవితమంతా కొబ్బరిపీచు అరగదీసిన వేళ్ల మీద, ఆఖరికి కొబ్బరినూనె రాస్తే గీతలు తేలతాయనుకోవడం మా అమాయకత్వం. పది వేళ్లూ అయ్యాయి. ఈ దేశంలో ఆ మనిషి ఉన్నట్టు ఆయన వేళ్లు సాక్ష్యం చెప్పలేదు.

“ఓటీపీతో చేద్దామండీ” అంది అమ్మాయి. భేష్ అన్నాను. ఓటీపీ వెళ్లింది. ఎక్కడికి? ఆధార్‌కి లింకైన నంబరుకి. ఆ నంబరు ఎవరిది? మా బామ్మర్దిది. బామ్మర్ది ఎక్కడున్నాడు? కువైట్‌లో. ఆధార్ తీసిననాడు ఇంట్లో ఫోనున్నవాడు వాడొక్కడే, కాబట్టి మావగారి గుర్తింపు వాడితోపాటు విమానమెక్కి వెళ్లిపోయింది. వాడు డ్యూటీలో ఉన్నాడు. డ్యూటీలో ఫోను ముట్టకూడదు. వాడు డ్యూటీ దిగి, చూసి, కంగారుగా పంపేసరికి ఆ అంకెలకి కాలం చెల్లిపోయింది. మళ్లీ పంపితే వాడు నిద్ర. కువైట్‌కీ మనకీ టైము తేడా ఎంతో మా అత్తగారు ఆరోజు నేర్చుకున్నారు. చివరికి మొహం చూపించి చేసే పద్ధతొకటుందన్నారు. “కళ్లు ఆర్పండి తాతగారూ” అంటే ఆయన మూసుకుని పడుకున్నారు. పాపం, ఆర్పమంటే అదే అనుకున్నారు. లేపి మళ్లీ ఆర్పించాం. పచ్చ లైటు వెలిగింది. మా అత్తగారు తెరకి దణ్ణం పెట్టుకున్నారు.

ఆపైన ఫొటోలు. మంచం మీద ఒకటి, స్టెంటు వేశాక ఒకటి, ఇంటికెళ్లేటప్పుడు ఒకటి. పెళ్లినాడు కూడా ఇన్ని దిగలేదని మావగారు గొణిగారు. ఎందుకమ్మా ఇన్ని అనడిగాను. చెయ్యని ఆపరేషన్లు చేసినట్టు రాసుకునేవాళ్లుంటారు కదండీ అంది. నిజమే. ఎవరో ఎక్కడో దొంగలెక్క రాశారు గనక మా మావగారు చొక్కా విప్పి నవ్వాలి. ‘నవ్వక్కర్లేదండీ’ అంది అమ్మాయి. అప్పటికే నవ్వేశారు.

మొదట్లో చెప్తానన్న కాగితాల సంగతి ఇప్పుడు చెప్పుకోవాలి. మూడో అంతస్తులో యాంజియోగ్రామ్ కంప్యూటర్లోనే ఉంది. అక్కడి కుర్రాడు దాన్ని కాగితం మీద ప్రింటు తీసి నా చేతికిచ్చాడు. నేను లిఫ్టు పనిచెయ్యక మెట్లు దిగి కింద కౌంటర్లో ఇచ్చాను. అక్కడ ఇంకో కుర్రాడు ఆ కాగితాన్ని స్కాన్ చేసి మళ్లీ కంప్యూటర్లో పెట్టాడు. ఈసీజీ కూడా అంతే. రక్తపరీక్ష కూడా అంతే. కంప్యూటర్లోంచి కాగితం పుట్టి, నా చేతుల్లో కాసేపు బతికి, తిరిగి కంప్యూటర్లో కలిసిపోయింది. ఈ రెండు కంప్యూటర్ల మధ్య తీగ ఎవరయ్యా అంటే, జొన్నాడ అల్లుడు. పైగా ప్రతిదానికీ ‘ఒక జిరాక్స్ ఫైలుకి’ అన్నారు. కాగితం లేని పాలనలో నేను మోసిన కాగితం ముఖ్యమంత్రి సహాయనిధి రోజుల్లో మా పెదనాన్న మోసినదానికన్నా ఎక్కువే. ఆసుపత్రి ఎదురుగా జిరాక్సు కొట్టాయన మాత్రం డిజిటల్ ఇండియాని మనసారా దీవిస్తున్నాడు.

సరే, అన్నీ ఎక్కాయి. అర్జీ వెళ్లింది. ఇక్కణ్ణుంచి మీ మీద నా అసలు ఫిర్యాదు.

“ఏమైందమ్మా?”

“పెండింగండి.”

“ఎక్కడ పెండింగు?”

“పైనండి.”

“పైన అంటే ఎవరి దగ్గర?”

“అది మాకు కనపడదండి.”

సాయంత్రం మళ్లీ వెళ్లాను. ‘క్వెరీ పడిందండి’ అన్నారు. ఏం క్వెరీ అంటే, ఆసుపత్రి లాగిన్‌లోకి వస్తుందండి, డాక్టరుగారు చూసి జవాబు పెడతారండి అన్నారు. డాక్టరుగారు ఆపరేషన్ థియేటర్లో ఉన్నారు. లాగిన్ పెట్టే కుర్రాడి షిఫ్టు అయిపోయింది. మా ఇంట్లో ఏ ఫోనుకీ ఏ కబురూ రాలేదు. బహుశా కువైట్ వెళ్లిందేమో, వాడూ లేదన్నాడు. క్వెరీ పడిందన్న మాట ఒక్కటే చేత్తో పట్టుకుని వార్డులోకి వచ్చాను. ఆ మాట వార్డులో ఏమైందో చెప్తాను. పక్క మంచం ఆయన ‘అంటే ఒప్పుకోలేదన్నమాట’ అన్నాడు. ఆయన భార్య ‘గుండె మరీ పాడైపోతే ఇవ్వర్ట’ అంది. మా ఆవిడ ఏడుపందుకుంది. అత్తగారు అక్కడికక్కడే వాడపల్లి వెంకన్నకి ఏడు శనివారాలు మొక్కేశారు. మావగారు మాత్రం నిబ్బరంగా, “అత్యవసరం కాదన్నారు కదండీ, ఇప్పుడు తెలుస్తుంది వాళ్లకి” అన్నారు.

తెల్లారి తేలిందేమిటంటే, స్కాన్ చేసిన కుర్రాడు యాంజియోగ్రామ్ కాగితాన్ని అద్దం మీద కొంచెం పక్కకి పెట్టాడు. పైఅంచు తెగిపోయి తేదీ కనపడలేదు. అటు కూర్చున్న డాక్టరు ‘తేదీ లేదు, మళ్లీ పంపండి’ అన్నాడు. న్యాయమే, నేనయినా అంటాను. కాగితం సరిగ్గా పెట్టి మళ్లీ తీశారు. కాసేపటికే అప్రూవల్ వచ్చేసింది. స్టెంటు పడింది. డబ్బు అడగలేదు. మావగారు లేచి తిరుగుతున్నారు. ఏడు శనివారాల ప్రదక్షిణలకి ఆయన్నే వెంటబెట్టుకు వెళ్లారు అత్తగారు.

మరి ఫిర్యాదేమిటంటారా? ఒక అంగుళం కాగితం అంచు కోసం రాత్రంతా ఒక కుటుంబం తమ మనిషి గుండెని సర్కారు కాదందనుకుంది. ఆ అంచు సంగతి విజయవాడ వైపు ఒక కంప్యూటరుకి తెలుసు, ఆసుపత్రిలో ఇంకో కంప్యూటరుకి తెలుసు. తెలియనిది ఆ గుండె గలవాడికీ, అతని మనుషులకీ. పాత రోజుల్లో ఆ సీటాయన మొహం మీదే ‘తేదీ ఏదయ్యా?’ అని అరిచేవాడు. ఆ అరుపు విలువ ఇప్పుడు తెలుస్తోంది. అరిచినవాణ్ణి తిట్టుకునేవాళ్లం, తేదీ వేయించుకొచ్చేవాళ్లం. ఇప్పుడు ఎవరిని తిట్టాలి? కౌంటరమ్మాయినా? ఆ పిల్లకి కనపడేది కూడా ‘పెండింగ్’ ఒక్కటే.

కాలిఫోర్నియాలో ఉన్న మా అన్నయ్యగారబ్బాయికి ఫోన్లో ఈ గోడు వెళ్లబోసుకుంటే వాడు నవ్వాడు. అక్కడ పేదల వైద్యానికి మెడికాల్ అని పథకం ఉందట. చికిత్సకి ముందు డాక్టరు అనుమతి అర్జీ పెట్టాలి. కాగితం ఫారం నింపి పంపేవారు, తర్వాత ఈ-టార్ అని దాన్నీ కంప్యూటర్లోకి ఎక్కించారు. అయినా ఆ దేశంలో ఇలాంటి అర్జీలు ఇప్పటికీ ఫ్యాక్సులో పంపే డాక్టర్లున్నారంటాడు వాడు. విసిగిపోయి 2024 జనవరిలో అమెరికా ప్రభుత్వం ఒక నియమం పెట్టింది: తన పథకాల కింద వైద్యం చేయించే బీమా సంస్థలు 2026 నుంచి అత్యవసరమైన అర్జీకి 72 గంటల్లో, మామూలుదానికి 7 రోజుల్లో జవాబు చెప్పాలి, కాదంటే ఎందుకు కాదో ఫలానా కారణమని చెప్పాలి. మన రాష్ట్ర మంత్రివర్గం 2025 సెప్టెంబరులో ఆమోదించిన కొత్త విధానంలో ఆరు గంటల్లోనే అనుమతివ్వాలని పెట్టుకున్నారు. 72 ఎక్కడ, ఆరెక్కడ! ఆ విషయం చెప్పి వాడి ముందు మీసం మెలేశాను. ఇంట్లో ఎంత సణుక్కున్నా పరాయి దేశం వాడి దగ్గర మన పరువు మనం కాచుకోవాలి కదండీ. కానీ ఆ ‘కారణం చెప్పాలి’ అన్న ముక్క మాత్రం నాకు నచ్చింది.

ఇంకో మాట. ఇంత వేగంగా అనుమతి పరుగెడుతుంటే దాని వెనకాల రావలసిన డబ్బు మాత్రం నడిచే వస్తోంది. 2025 అక్టోబరులో బకాయిలు ఇవ్వలేదని నెట్‌వర్కు ఆసుపత్రులు సేవలే ఆపేశాయి. కంప్యూటర్లు పనిచేస్తూనే ఉన్నాయి, కౌంటర్లో ‘ఇప్పుడు కేసులు తీసుకోవట్లేదండి’ అన్న జవాబు దొరికింది. ఆ జవాబుకి మాత్రం పెండింగ్ లేదు, క్వెరీ లేదు, తక్షణం వచ్చింది. ఈ వ్యవహారం మీద మా బోటివాళ్లం మాట్లాడితే రాజకీయం అంటారు గనక ఇక్కడితో ఆపేస్తాను.

కాగితాలు తిరిగిమ్మని నేనడగట్లేదు. గౌతమి ఎక్స్‌ప్రెస్ ఎక్కే ఓపిక నాకూ లేదు, సిఫార్సు ఉత్తరం కోసం ఇంకొకరి గుమ్మంలో కూర్చునే ఓపిక అంతకన్నా లేదు. ఒప్పుకోవడానికి మనసు రాకపోయినా చెప్తున్నాను, మా మావగారి స్టెంటుకి ఎమ్మెల్యేగారి సంతకం అక్కర్లేకపోయింది. మధ్యవర్తి చెయ్యి తడపాల్సిన పని కూడా పడలేదు. ఇది పొగడ్త అనుకునేరు. కాదు, ఫిర్యాదు మధ్యలో జారిపోయిన నిజం.

నేనడిగేదల్లా చిన్నది. క్వెరీ వేసిన నిమిషంలో అది ఆసుపత్రి కంప్యూటరుకి ఎలా వెళ్తుందో, అలాగే రోగి ఇంటి ఫోనుకి తెలుగులో ఒక్క వాక్యం పంపండి: ‘మీ యాంజియోగ్రామ్ కాగితం మీద తేదీ కనపడలేదు, మళ్లీ స్కాన్ చేసి పంపమని చెప్పండి.’ కోడ్ నంబర్లు వద్దు, ఇంగ్లీషులో పొడి అక్షరాలు వద్దు. కబురందితే మెట్లు మేమే ఎక్కి దిగుతాం, స్కానర్ దగ్గర నిలబడి కాగితం అంచు మేమే సరిచేయిస్తాం. అరుగు మీద కూర్చుని సణిగేవాడినైనా ఆ మాత్రం పని చెయ్యగలను. కాకపోతే రోగిని చేర్చుకునే రోజునే పక్కన నిలబడ్డ మనిషి ఫోను నంబరు అడిగి రాసుకోండి. ఆధార్లో ఉన్న నంబరు చాలా ఇళ్లలో కువైట్‌లో డ్యూటీ చేస్తోంది.